పాత సామాన్లతో సైన్స్ ఫిక్షన్ ఆయుధం: స్టేజీ మీద చెత్తలా కనపడకుండా ఎలా చేయాలి?

వైట్‌ఫీల్డ్_వాసు:
అందరికీ నమస్తే. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం కలిసి సంక్రాంతికి ఒక నాటిక వేస్తాం. ఈసారి పౌరాణికం వద్దని పిల్లలు పట్టుబట్టి సైన్స్ ఫిక్షన్ రాశారు: గ్రహశకలం మీద ఖనిజం తవ్వే ఓడలోకి దొంగలు వస్తారు, ఓడలో మెకానిక్ అవ్వ దగ్గర ఆయుధం ఏదీ ఉండదు కాబట్టి రాయి కోసే యంత్రాన్నే విప్పి మళ్లీ బిగించి ఆయుధంగా మార్చుకుంటుంది. దాన్ని తయారుచేసే పని నాకు పడింది.

ఆన్‌లైన్‌లో బొమ్మ తుపాకులు చూశాను, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. అయినా కథలో అవ్వే దొరికిన వాటితో చేసుకుంటుంటే నేను కొనుక్కొచ్చి ఇవ్వడం నాకు నచ్చలేదు. ఇంట్లో పాడైన వీసీఆర్, ఇంక్‌జెట్ ప్రింటర్, మిక్సీ, సైకిల్ పంపు, కుక్కర్ పిడులు, పాత ఫిల్మ్ కెమెరా ఒకటి, 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఉన్నాయి. అన్నీ టేబుల్ మీద పేర్చి చూస్తే మిక్సీకి పైపు తగిలించినట్టే ఉంది తప్ప ఇంకేం కనపడట్లేదు. దేన్ని దేనికి ఎలా అతికించాలి, రంగు ఎలా వేయాలి, మూతి దగ్గర వెలుగు ఎలా తెప్పించాలి? అవ్వ వేషం వేసే అమ్మాయి పీయూసీ చదువుతోంది, సీనంతా చేత్తో పట్టుకునే ఉండాలి, బరువు ఎక్కువైతే కష్టం.

పాతసామాన్ల_ప్రసాద్:
వాసు గారూ, కథ వినగానే ఉత్సాహం వచ్చింది. మీ దగ్గర సామాను చాలానే ఉంది, ఇంక కొనాల్సింది పెద్దగా లేదు.

ముందు ఒక్క మాట. చిన్న చిన్న భాగాలతో మొదలుపెట్టకండి. స్టేజీ నుంచి పదో వరుసలో కూర్చున్నవాళ్లకి స్క్రూలు, గేర్లు కనపడవు, మొత్తం ఆకారం మాత్రమే కనపడుతుంది. వెనక లావుపాటి యంత్రం, మధ్యలో పట్టుకునే చోటు, ముందు మూతి, ఈ మూడూ వేర్వేరు లావుల్లో ఉండాలి. రాత్రి గదిలో లైటు తీసేసి, వెనక నుంచి టార్చి వేసి గోడ మీద నీడ చూడండి. నీడలో అది మిక్సీ అని తెలిసిపోతే ఆ భాగాన్ని తిప్పండి, కోయండి, లేదా తలకిందులుగా పెట్టండి. నీడ కుదిరాకే జిగురు ముట్టుకోండి.

పాత వస్తువులతో ఇలా చేయడం సినిమావాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్‌లో హీరో ల్యూక్ చేతిలోని లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడి, గ్రాఫ్లెక్స్ కంపెనీ ప్రెస్ కెమెరాకి వాడే ఫ్లాష్ హ్యాండిల్. పిడి చుట్టూ పట్టు కోసం నల్లటి పట్టీలు అతికించారు, క్లాంపులో పాత కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీద ఉండే బుడగల ప్లాస్టిక్ ముక్క దూర్చారు. అంతే, దాన్ని కెమెరా సామానని ఎవరూ అనుకోలేదు. అసలు వస్తువుని గుర్తుపట్టించే ఆనవాలు ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయడమే అసలు పని. మీ మిక్సీకి ఆ ఆనవాలు స్పీడు తిప్పే నాబ్. దాన్ని పీకేసి ఆ కన్నంలో ఇంకేదైనా పెట్టండి. లోపలి మోటారు తీసేయండి, బరువంతా దానిదే, రాగి తీగ ఉంటుంది కాబట్టి గుజిరీ షాపువాళ్లు డబ్బులిచ్చి తీసుకుంటారు.

ఇక వీసీఆర్. అందులో టేపు చుట్టుకుని తిరిగే హెడ్ డ్రమ్ ఉంటుంది చూడండి, అద్దంలా మెరిసే అల్యూమినియం, పక్కన ఏటవాలుగా సన్నటి గాడి. నాకు తెలిసి ఇళ్లలో దొరికే పాత సామాన్లలో అంత అందమైనది ఇంకోటి లేదు. వీహెచ్‌ఎస్‌లో దాని వ్యాసం 62 మిల్లీమీటర్లు, మీ పైపు బయటి కొలత 63, కాబట్టి వెనక చివర మీద కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. దానికి రంగు వేయకండి, దయచేసి.

అతికించడానికి ఫెవికాల్ పనికిరాదు. లోహానికి ప్లాస్టిక్‌కి ఆరల్డైట్, సందుల్లోకి ఎం-సీల్, బరువు పడే చోట మాత్రం కచ్చితంగా స్క్రూ లేదా నట్టు బోల్టు. పిడి జిగురు మీద నిలబడకూడదు. మెత్తటి ప్లాస్టిక్ మూతల్లాంటివి ఉంటే అడుగున త్రికోణంలో అంకె చూడండి, 2 లేదా 5 ఉంటే జిగురూ పట్టదు రంగూ పట్టదు, స్క్రూలే గతి. పైపుని పొయ్యి మంట మీద పెట్టి వంచకండి, పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

రంగు విషయానికొస్తే, సబ్బుతో జిడ్డు కడిగి, 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, గ్రే ప్రైమర్, దానిపైన మ్యాట్ నలుపు లేదా ముదురు పచ్చ. అన్ని భాగాల మీదా ఒకే రంగు పడ్డాక అవి ఒకే యంత్రంలోవి అవుతాయి, అప్పటిదాకా ఎంత బాగా బిగించినా కుప్పలాగే ఉంటుంది. ఆరాక బ్రష్‌కి వెండి రంగు అద్ది, పాత గుడ్డకి తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌ని అంచుల మీద మాత్రమే ఆడించండి. చేయి ఎక్కడ పడుతుందో, నేలకి ఎక్కడ తగులుతుందో అక్కడే అరగాలి. అంతటా గీతలు పెడితే అబద్ధంలా ఉంటుంది.

గిండీ_రవి:
బ్రో ఇంత శ్రమ ఎందుకు, త్రీడీ ప్రింట్ కొట్టించేయొచ్చు కదా? మా చెన్నైలో కాస్ప్లే (సినిమా పాత్రల వేషాలు) చేసేవాళ్లు చాలామంది అదే చేస్తున్నారు, తేలిగ్గా ఉంటుంది, కొలతలు కచ్చితంగా వస్తాయి. స్క్రాప్ కావాలనుకుంటే ఇక్కడ బండి భాగాలకి పుదుపేట, ఎలక్ట్రానిక్స్‌కి రిచీ స్ట్రీట్ ఉన్నాయి గానీ, స్టేజీకి మాత్రం ప్రింటే బెటర్ అని నా అభిప్రాయం.

పాతసామాన్ల_ప్రసాద్:
రవీ, సినిమాలో ఉన్నది ఉన్నట్టు చేయాలంటే ప్రింటే సరి, ఒప్పుకుంటాను. ఇక్కడ అవ్వ తన చేతులతో బిగించుకున్న యంత్రం కదా, అందులో ఒకదానికొకటి పొంతన లేని భాగాలు ఉండటమే కథ. ఆ అమ్మాయి నిజమైన లోహం పట్టుకుంటే చేయి పట్టే తీరే వేరుగా ఉంటుంది, నటనలో అది తెలుస్తుంది. బరువున్న భాగాలు పిడికి దగ్గరగా, వెనక ఉంచితే చాలు, ముందంతా బోలు పైపే కాబట్టి చేయి లాగదు.

జాలహళ్లి_జ్యోతి:
లైటు సంగతి నేను చెప్తాను. అంతకంటే ముందు, వాసు గారూ, ఆ ఫిల్మ్ కెమెరాలో ఫ్లాష్ ఉంటే దాన్ని విప్పకండి. కరెంటు దాచుకునే ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేసి చాలాకాలమైనా కొంత మిగిలి ఉండొచ్చు. మైక్రోవేవ్ ఎవరైనా ఇచ్చినా వద్దనండి, అది ఇంకా ప్రమాదం, ప్రాణం తీస్తుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీ సెల్స్ కూడా వద్దు. మామూలు 9 వోల్టుల బ్యాటరీ చాలు.

అందరూ నీలం లైటు పెడతారు, మీది రాయి కోసే యంత్రం కదా, కాలిన రాయి రంగు కావాలి, నారింజ పెట్టండి. నారింజ ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు తీసుకుంటుంది. మూడింటిని వరసగా కలిపితే 6.3, బ్యాటరీలో మిగిలేది 2.7 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లకి 135 ఓమ్‌లు రావాలి, షాపులో 150 ఓమ్‌ల రెసిస్టర్ అడగండి. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇవన్నీ కలిపినా టీ, బన్ను ఖర్చే.

ఎల్‌ఈడీలని మూతి అంచున పెట్టొద్దు, స్టేజీ లైట్ల ముందు వెలవెలబోతాయి. పైపులోకి జానెడు లోపలికి నెట్టి, ముందు బటర్ పేపర్ అడ్డం పెట్టి, పైపు లోపలి గోడకి వెండి కాగితం అంటించండి. అప్పుడు బల్బు కనపడదు, లోపలెక్కడో కొలిమి రాజుకున్నట్టు ఉంటుంది. ట్రిగ్గర్ కింద పాత కంప్యూటర్ మౌస్‌లోని బటన్ స్విచ్ బిగించండి, నొక్కినప్పుడు టిక్ మని తగులుతుంది, ఆ అమ్మాయి చూసుకోకుండానే వెలిగిందని తెలుసుకుంటుంది.

వైట్‌ఫీల్డ్_వాసు:
ఇద్దరికీ చాలా థాంక్స్. కెమెరా పక్కన పెట్టేశాను. నీడ పరీక్ష చేశాను, మిక్సీని పడుకోబెట్టి కుక్కర్ పిడిని పైన బిగిస్తే ఒక్కసారిగా డ్రిల్లు యంత్రంలా అయిపోయింది, పిల్లలు గోల గోల. ఒక్క అనుమానం. రిహార్సల్స్ ఎమ్‌జీ రోడ్డు దగ్గర ఫ్రెండ్ వాళ్ల హాల్లో, మెట్రోలో తీసుకెళ్లొచ్చా?

జాలహళ్లి_జ్యోతి:
మెట్రోలో బ్యాగు స్కానర్‌లో పెట్టాలి. లోపల పైపు, వైర్లు, బ్యాటరీ కలిసి కనపడితే కచ్చితంగా ఆపుతారు, వాళ్లని తప్పు పట్టలేం. కారులోనో ఆటోలోనో వెళ్లండి, డిక్కీలో పెట్టండి, పిల్లలెవరూ వీధిలో బయటికి తీయకుండా చూసుకోండి. ఎలాగూ మీది తుపాకీ ఆకారంలో లేదు, అలాగే ఉంచండి, మూతి చుట్టూ ఒక పసుపు పట్టీ కూడా వేస్తే దూరం నుంచే పనిముట్టని తెలుస్తుంది, గని యంత్రానికి ఆ రంగు నప్పుతుంది కూడా.

పైపుని రెండు ముక్కలు చేసి మధ్యలో వాటిని కలిపే 63 మిల్లీమీటర్ల కప్లర్ వేయండి. ఒక వైపు మాత్రమే సాల్వెంట్ సిమెంట్ (పీవీసీ పైపుల జిగురు) పూయండి, రెండో వైపు చిన్న స్క్రూ. వైరు మధ్యలో రెండు పిన్నుల కనెక్టర్ పెడితే విప్పడం, బిగించడం ఆ అమ్మాయే చేసుకోగలదు. కథలో అవ్వ బిగించే సీను ఉందన్నారు కదా, స్టేజీ మీదే బిగించనివ్వండి.