విమానానికి ఒక లెక్క, ఓడకు మరో లెక్క: కోవిడ్ పరీక్ష ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న (2022 ఏప్రిల్)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అమ్మానాన్నలు అమెరికాకు, నా దగ్గరికి వస్తున్నారు. దారిలో ఒకచోట విమానం మారాలి. వచ్చిన కొద్దిరోజులకే అందరం కలిసి మయామీలో క్రూయిజ్ ఎక్కి, కరీబియన్ దీవులు చూసుకుని అదే ఓడలో మయామీకి తిరిగి వస్తాం. ఇద్దరూ టీకాలు పూర్తిగా వేయించుకున్నారు. ప్రయాణానికి ఒక రోజు ముందు పరీక్ష చేయించాలన్న నిబంధన చదివాను కానీ, ఆ రోజును మొదటి విమానం నుంచి లెక్కించాలా, అమెరికాలో దిగే రెండో విమానం నుంచి లెక్కించాలా అన్నది అర్థం కాలేదు. పైగా అమ్మకు మార్చి రెండో వారంలో కోవిడ్ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నా, పరీక్షలో మళ్లీ పాజిటివ్ వస్తే విమానం ఎక్కనివ్వరేమోనని భయపడుతోంది. విమానం కోసం చేయించిన పరీక్ష రిపోర్టు ఓడకు కూడా పనికొస్తుందా? ఓడలో తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ పరీక్ష అవసరమా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1

నేను చాలాకాలంగా టికెట్ల బుకింగ్ పనిలో ఉన్నాను కాబట్టి విమానం సంగతి చెబుతాను. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ గత డిసెంబరు 6 నుంచి, అంతకుముందు మూడు రోజులుగా ఉన్న గడువును ఒక రోజుకు కుదించింది. టీకా వేయించుకున్నా, వేయించుకోకపోయినా ఇదే గడువు. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం పరీక్ష అక్కర్లేదు. ఇక్కడ ఒక రోజు అంటే 24 గంటలు కాదు, క్యాలెండరులో ముందు రోజు అని అర్థం. విమానం శుక్రవారం రాత్రి 11 గంటలకు ఉంటే, గురువారం ఉదయం 8 గంటలకు శాంపిల్ ఇచ్చినా చెల్లుతుంది. అదే విమానం శుక్రవారం తెల్లవారుజామున 2 గంటలకు ఉంటే బుధవారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ చెల్లదు, గురువారమే ఇవ్వాలి. అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాల విషయంలో, ముందు రాత్రే ఇంటి నుంచి బయలుదేరుతాం కనుక, తేదీ ఒకటి వెనక్కి లెక్కపెట్టేవారు చాలామంది ఉంటారు.

ఇక మీ అసలు సందేహానికి వస్తే, రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండి, మధ్యలో ఆగే సమయం 24 గంటలు మించకపోతే మొదటి విమానం బయలుదేరే రోజు నుంచే లెక్క. టికెట్లు విడివిడిగా కొన్నా, మధ్యలో 24 గంటలకు మించి ఆగినా అమెరికా వెళ్లే విమానం నుంచి లెక్కించాలి, అంటే దారిలోనే పరీక్ష చేయించాల్సి వస్తుంది. పెద్దవాళ్లను ఆ ఇబ్బందిలో పెట్టవద్దు, డబ్బు కొంత ఎక్కువైనా ఒకే టికెట్ తీసుకోండి. విమానం మారే దేశానికి సొంత నిబంధనలు ఉండవచ్చు కాబట్టి వాటిని కూడా చూసుకోవాలి. కౌంటరులో ఉన్నవారు సాధారణంగా విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వారి టైమాటిక్‌లో (దేశాలవారీ ప్రయాణ నిబంధనల డేటాబేసులో) కనిపించేదాన్నే పాటిస్తారు. కనుక బయలుదేరే రెండు మూడు రోజుల ముందు విమాన సంస్థ సైటులో నిబంధనలు మరోసారి సరిచూసుకోండి.

జవాబు 2

ల్యాబులో పనిచేసే వ్యక్తిగా రెండు విషయాలు చెప్పాలనుకుంటున్నాను. మొదటిది మీ అమ్మగారి గురించి. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏ ముక్కలను ఎన్నో రెట్లు పెంచి చూస్తుంది కాబట్టి, జబ్బు తగ్గి ఇతరులకు అంటించే దశ దాటిపోయిన తర్వాత కూడా కొందరిలో కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. యాంటిజెన్ పరీక్ష వైరస్ ప్రొటీన్‌ను వెతుకుతుంది కనుక, కోలుకున్నవారిలో చాలావరకు ముందే నెగెటివ్ అవుతుంది. అమెరికా వెళ్లడానికి ఈ రెండింటిలో ఏదైనా అంగీకరిస్తారు, యాంటీబాడీ పరీక్షను మాత్రం అంగీకరించరు. అసలు ఆమెకు మరో మార్గమే మేలు. గత 90 రోజుల్లో పాజిటివ్ వచ్చిన రిపోర్టునూ, ప్రయాణానికి అభ్యంతరం లేదని వైద్యుడు లెటర్‌హెడ్‌పై సంతకం, తేదీ వేసి ఇచ్చిన లేఖనూ చూపిస్తే కొత్త పరీక్ష అవసరమే లేదు. ఆ 90 రోజులు మార్చిలో శాంపిల్ ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతాయి. మీ ప్రయాణం అనుకోకుండా జూన్ రెండో వారానికి వాయిదా పడితే ఈ వెసులుబాటు పోవచ్చు.

రెండోది రిపోర్టు. అందులో ఏ రకం పరీక్ష, ఏ ల్యాబు చేసింది, శాంపిల్ ఎప్పుడు తీసుకున్నారు, ఫలితం ఏమిటి అన్నవన్నీ ఉండాలి. పేరుతోపాటు పుట్టినతేదీ గానీ పాస్‌పోర్టు నంబరు గానీ ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయించండి, పొడి అక్షరాలు వద్దు. కొన్ని ల్యాబుల రిపోర్టుల్లో ఫలితం వచ్చిన తేదీ పెద్దగా కనిపిస్తుంది, శాంపిల్ తీసిన తేదీ ఎక్కడో మూలన ఉంటుంది. గడువుకు లెక్కలోకి వచ్చేది శాంపిల్ తేదీయే. ఇంకొక మాట: 05/06 అని ఉంటే అమెరికాలో దాన్ని మే 6గా చదువుతారు. నెల పేరును అక్షరాల్లో వేయమని ల్యాబువారిని అడిగితే ఆ గందరగోళం ఉండదు.

అడిగిన వ్యక్తి

ఇద్దరికీ ధన్యవాదాలు. టికెట్లు ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయి. అమ్మ మార్చి నాటి రిపోర్టు దొరికింది, వైద్యుడి లేఖ కూడా తీసుకుంటాం. ఇక ఓడ సంగతి మిగిలింది.

జవాబు 3

విమానం కోసం చేయించిన పరీక్షను ఓడకు నమ్ముకోవద్దు. అప్పటికి గడువు దాటిపోతుంది. అసలు నిబంధన పెట్టేవారే వేరు. సీడీసీ ఓడలపై విధించిన షరతుల ఉత్తర్వు ఈ జనవరి 15తో ముగిసింది. ఇప్పుడున్నది క్రూయిజ్ సంస్థలు స్వచ్ఛందంగా చేరే కార్యక్రమం. ఎన్ని రోజుల ముందు పరీక్ష చేయించాలి, ఇంట్లో చేసుకునే కిట్ సరిపోతుందా, 90 రోజుల వెసులుబాటు ఉందా అన్నవి ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. అందుకని బుకింగ్ నంబరు రాసి, ఈ మూడు ప్రశ్నలకూ సంస్థ నుంచి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి, ఫోనులో చెప్పిన మాటపై ఆధారపడవద్దు. టీకా సర్టిఫికెట్ల అసలు ప్రతులు వెంట ఉంచుకోండి.

టీకాలు వేయించుకున్నవారిని కూడా ఇంతగా ఎందుకు అడుగుతున్నారని కొందరు విసుక్కోవడం చూశాను. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 712 మందికి వ్యాధి సోకింది. ఒకే చోట తిని, ఒకే చోట పడుకునే జనంలో వ్యాధి ఎంత వేగంగా పాకుతుందో అప్పుడే తెలిసింది. మీ తల్లిదండ్రుల వయసు వారికి ఆ జాగ్రత్త అవసరమనే నేను నమ్ముతాను.

తిరుగు ప్రయాణం గురించి అడిగారు. ఒక రోజు ముందు పరీక్ష చేయించాలన్న సీడీసీ ఉత్తర్వు విమాన ప్రయాణికులకే వర్తిస్తుంది కాబట్టి, అదే ఓడలో మయామీలో దిగితే దాని ప్రకారం పరీక్ష అక్కర్లేదు. ఏ కారణంగానైనా మధ్యలో ఒక దీవిలో దిగిపోయి విమానంలో రావలసి వస్తే మాత్రం ఒక రోజు నిబంధన మీకూ వర్తిస్తుంది. అందువల్ల పరీక్ష, క్వారంటైన్ ఖర్చులు భరించే బీమా ఉందో లేదో ముందే చూసుకోండి. ఓడ ఎక్కేముందు మీలో ఒకరికి పాజిటివ్ వస్తే అదే గదిలోని మిగతావారిని కూడా ఆపే అవకాశం ఉంది, డబ్బు తిరిగి ఇచ్చే షరతులను అందరి పేరు మీదా చదవండి.

జవాబు 4 (2022 జులై చివర)

ఈ చర్చను ఇప్పుడు చదివేవారి కోసం రాస్తున్నాను. అమెరికా వచ్చే విమాన ప్రయాణికులకు పరీక్ష నిబంధనను జూన్ 12న ఎత్తివేశారు. ఓడల కోసం సీడీసీ నడిపిన కార్యక్రమం కూడా జులై 18న ముగిసింది. అయితే అమెరికా పౌరులు కానివారు విమానంలో రావడానికి టీకా నిబంధన ఈ 2022 జులై నాటికి ఇంకా అమలులో ఉంది. ఓడ ఎక్కేవారిని పరీక్ష అడగాలా వద్దా అన్నది ఇక ఆ సంస్థల ఇష్టం, ఓడ ఆగే దేశాల నిబంధనలు కూడా దానికి తోడవుతాయి. కాబట్టి పైన చెప్పిన మూడు ప్రశ్నల ఈమెయిల్ మాత్రం ఇప్పటికీ రాయవలసిందే.