13 ఏళ్ల బాబుకి పాదం సమస్య, ఆపరేషన్ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా బాబుకి చిన్నప్పటి నుంచీ చదును పాదాలే. మామూలు ఫ్లాట్ ఫుట్ అయితే మునివేళ్ల మీద నిలబడినప్పుడు పాదం కింద వంపు కనిపిస్తుందట. వీడికి కుడికాలిలో అసలు రావట్లేదు. సీటీ స్కాన్ తీసి, మడమ ఎముక ముందున్న ఎముకతో కలిసిపోయిందని, దాన్ని టార్సల్ కోయలిషన్ అంటారని చెప్పారు. పుట్టుకతో ఉన్నా, ఆ అతుకు గట్టిపడే ఈ వయసులోనే నొప్పి మొదలవుతుందట.

ఎగుడుదిగుడు దారిలో అస్సలు నడవలేకపోతున్నాడు. కబడ్డీ మానేశాడు. బడిలో ప్రేయర్ అయ్యేదాకా నిలబడలేకపోతే బద్ధకం అంటున్నారట, అది వాడికి నొప్పికన్నా ఎక్కువ బాధగా ఉంది.

ముందు పిండికట్టు వేసి చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు డాక్టర్ గారు. మీ పిల్లలకి చేయించి ఉంటే దయచేసి చెప్పండి. కట్టుతో నొప్పి తగ్గిందా? ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎన్నాళ్లకి ఆడగలిగారు? స్కూల్ బూట్లలో ఇన్‌సోల్ సరిగ్గా పట్టిందా?