చెరువు గట్టున తప్పుతున్న ఆక్సిజన్ అంచనా

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మా వనామి రొయ్యల చెరువులో, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకు పడిపోతుందో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేశాను. పరీక్షలో నెగ్గిన ఆ మోడల్ గట్టున తప్పుతోంది. కారణమేమిటి?

జవాబు: మోడల్‌కు నేర్పే (శిక్షణ) భాగంగా, పరీక్షించే భాగంగా డేటాను యాదృచ్ఛికంగా విడదీశారా? పది నిమిషాల తేడాతో తీసిన రీడింగులు దాదాపు ఒకటే కాబట్టి, ఒకటి శిక్షణలోకి, రెండవది పరీక్షలోకి వెళితే మోడల్ జవాబును ముందే చూసినట్లవుతుంది. తొలి వారాలతో నేర్పి, చివరి వారాలతో పరీక్షించండి.

మరో జవాబు: నాకు ఆక్సిజన్ కొలిచే సెన్సార్ మీదే అనుమానం. నాచు పట్టిందేమో తుడిచి చూడండి. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే సముద్రపు నీటిలో 6.8 వరకే కరుగుతుంది. పరికరంలో ఉప్పదనాన్ని సున్నాగా వదిలేస్తే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపి, రొయ్యలకు ప్రమాదం తెస్తుంది.

ప్రశ్నించినవారు: రెండు పొరపాట్లూ చేశాను. ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) తిరిగిన వేళలను కూడా చేర్చి, ఈ రాత్రే మళ్లీ మొదలుపెడతాను.