కోచ్ మా బాబుకి విడిగా మెసేజ్‌లు పెడుతున్నారు, ఎవరికి చెప్పాలి?

మా బాబుకి 11 ఏళ్లు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నెల రోజులుగా వాళ్ల కోచ్ రాత్రి పదింటికి కూడా నేరుగా వాడి ఫోన్‌కే మెసేజ్‌లు పెడుతున్నారు, మొదట్లో ప్రాక్టీస్ టైమింగ్సే, ఇప్పుడేమో "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అని. నిన్న బూటు లేసు కట్టుకుంటూ సగంలో ఆగి, "అమ్మా, నువ్వు చూశావని సార్‌కి చెప్పకు, టీమ్‌లోంచి తీసేస్తారు" అన్నాడు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

క్లబ్ మేనేజర్‌ని అడిగితే "ఆయన చాలా మంచివారండీ" అన్నారు. మంచివారో కాదో కాదు నా ప్రశ్న, పిల్లలతో మాట్లాడే గ్రూపులో తల్లిదండ్రులు కూడా ఉండాలన్న నియమం ఎంత మంచి కోచ్‌కైనా వర్తించాలి కదా. ఫిఫా 2019లోనే జాతీయ సంఘాల కోసం ఫిఫా గార్డియన్స్ అని పిల్లల రక్షణ కార్యక్రమం తెచ్చింది, మా క్లబ్‌లో మాత్రం ఈ బాధ్యత చూసే మనిషే లేరు.

స్క్రీన్‌షాట్లు తీసి దాచాను. క్లబ్‌ని పక్కనపెట్టి నేరుగా ఫుట్‌బాల్ సంఘానికి రాయాలా, లేక ముందు పోలీసులకో పిల్లల హెల్ప్‌లైన్‌కో చెప్పాలా? ప్రాక్టీస్ మాన్పిస్తే తప్పు తనదే అనుకుంటాడేమో అని భయం. వాడితో మాట ఎలా మొదలుపెట్టాలి? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి.