రేకుల కప్పుకు నీళ్ల సీసా దీపం: వానకు కారకుండా బిగించడమెలా?

పగటివెలుగు:
కిటికీ లేని రేకుల గదికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతో వెలుగు తేవాలి. బ్రెజిల్ మెకానిక్ ఆల్‌ఫ్రెడో మోసెర్ 2002లో కనిపెట్టిన పద్ధతే. తర్వాత ఫిలిప్పీన్స్‌లో ‘లీటర్ ఆఫ్ లైట్’ అనే సంస్థ వాళ్లు దాన్ని అందరికీ నేర్పించారు. కప్పు ముడతల జింకు రేకు. రంధ్రం ఎంత కొయ్యాలి? ఏం పూస్తే వాన కారదు? బ్లీచ్ ఎంత? 60 వాట్ల బల్బంత వెలుగు నిజంగా వస్తుందా?

రేకుపని:
కప్పుకు నేరుగా రంధ్రం కొట్టకండి. అదే ముడతలున్న 30 సెంటీమీటర్ల చదరపు రేకుముక్క తీసుకుని, కప్పు ఎక్కకముందే, నేల మీద కూర్చుని సీసాను దానికి బిగించండి. సీసా చుట్టుకొలతకు ఒక వృత్తం, దాని లోపల ఒక సెంటీమీటరు తక్కువ వ్యాసార్థంతో ఇంకొకటి గీయండి. లోపలి వృత్తాన్ని కోసేసి, అంచు నుంచి బయటి గీత దాకా రెండేసి సెంటీమీటర్లకు ఒక గాటు పెట్టి, ఆ నాలుకలను పైకి వంచండి. అవే సీసాను పట్టుకుంటాయి. మూత పైకి ఉండాలి. మూడోవంతు కప్పు మీద, మిగతాది గదిలో. నిండు సీసా రెండు కిలోలు దాటుతుంది కాబట్టి, మెడకు తీగ చుట్టి రేకుముక్కకు కట్టేయండి.

సీలెంట్ (సందులు మూసే సిలికాన్ జిగురు) తగిలే చోట సీసాను ఉప్పుకాగితంతో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడవాలి. నున్నటి ప్లాస్టిక్‌ను సిలికాన్ పట్టుకోదు. నాలుగు ఎండలకే పొరలా లేచి వస్తుంది. కారే సీసాల్లో చాలావాటి జబ్బు ఇదే. పైనా కిందా పూసి, ఒక రోజు కదపకుండా ఆరనివ్వండి.

నీళ్లు వడకట్టినవి, ద్రవ బ్లీచ్ రెండు మూతలు, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు. అది పాచి పట్టకుండా చూస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వద్దు, అందులోని సున్నం అడుగున పేరుకుని వెలుగు తగ్గిస్తుంది. అంచు దాకా నింపకండి. 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే రెండు లీటర్ల నీళ్లు దాదాపు 28 మిల్లీలీటర్లు పెరుగుతాయి, ఆ మేరకు ఖాళీ ఉంచాలి. మూత ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది, దానిమీద ఇంకో తొడుగు పెట్టండి.

కప్పు రంధ్రం రేకుముక్క కన్నా బాగా చిన్నది చాలు. సీసా కాలువలో కాకుండా మిట్ట మీద రావాలి. రేకుముక్కను రివెట్లతో బిగించి చుట్టూ సీల్ చేయండి. వాలుకు ఎగువనున్న అంచులోనే నీళ్లు ముందు దూరతాయి, అక్కడ మందంగా పూయండి.

కాంతిలెక్క:
60 వాట్ల మాట మిట్టమధ్యాహ్నానికి సరిపోతుంది. నిండు ఎండ దాదాపు లక్ష లక్స్, అంటే చదరపు మీటరుకు లక్ష ల్యూమెన్ల వెలుగు. 11 సెంటీమీటర్ల వ్యాసమున్న సీసా అడ్డుకోత 0.0095 చదరపు మీటర్లు. గుణిస్తే 950 ల్యూమెన్లు. 60 వాట్ల పాత బల్బు సుమారు 800 ఇస్తుంది. కొంత వృథా అవుతుంది, మబ్బు పడితే బాగా పడిపోతుంది. ఉత్త రంధ్రమైతే ఆ ఎండంతా నేల మీద ఒక్క మచ్చగా పడేది. నీళ్లు దాన్ని వంచి గది నలుమూలలకూ చల్లుతాయి. ఈ దీపం గొప్పదనమంతా అందులోనే ఉంది.

సీలెంట్‌సంగతి:
రేకుపని ఇచ్చిన జవాబుకు రెండు చేర్పులు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ జింకు పూతను తినేస్తుంది. ఆ వాసన లేని న్యూట్రల్ క్యూర్ రకం అడిగి తీసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం: సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. దయచేసి వాటిని కొయ్యకండి, రంధ్రం పెట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా పోతుంది.

పగటివెలుగు:
మాది జింకు పూత పూసిన ఇనుప రేకేనండి, సిమెంటుది కాదు. దీన్నే రాత్రికి కూడా వాడుకోవచ్చా?

కాంతిలెక్క:
వాడొచ్చు, దానికి ఎల్‌ఈడీ, ఛార్జింగ్ సెల్లు, సోలార్ ప్యానెల్ తగిలించాలి. ఒక వాట్ ఎల్‌ఈడీ పది గంటలు వెలగాలంటే 10 వాట్ అవర్లు కావాలి. 3.2 వోల్టుల, 6 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులో 19 దాకా ఉంటుంది, ఒక ముసురు రోజును కూడా కాస్తుంది. 5 వాట్ల సోలార్ ప్యానెల్ చాలు. ఛార్జింగ్ బోర్డు మాత్రం చూసి కొనండి. ఎక్కువగా దొరికే టీపీ4056 బోర్డు 4.2 వోల్టుల దాకా ఎక్కిస్తుంది, ఈ సెల్లు 3.65 దాటకూడదు. సెల్లును రేకుకు ఆనించి పెట్టకండి, ఆ వేడికి త్వరగా చస్తుంది.