స్కాటెరోమీటర్ గాలితో మోడల్ నడిపితే ప్రవాహ వేగాన్ని తీసేయాలా, వద్దా?

నీలికెరటం:
మా సముద్ర ప్రసరణ మోడల్‌కి రీఅనాలిసిస్ (పాత పరిశీలనలను వాతావరణ మోడల్‌తో కలిపి తయారు చేసిన) గాలి బదులు ఆస్కాట్ (సముద్రం మీది గాలిని కొలిచే ఉపగ్రహ రాడార్, అంటే ఒక స్కాటెరోమీటర్) గ్రిడ్ గాలి ఇస్తున్నాం. విండ్ స్ట్రెస్ (గాలి నీటిని లాగే బలం) లెక్కలో గాలి నుంచి మోడల్ ఉపరితల ప్రవాహాన్ని తీసేసే స్విచ్ ఉంది. ఆన్ చేయాలా?

దిక్సూచి:
వద్దు. రాడార్ చూసేది నీటి మీది చిన్న అలల గరుకుతనాన్ని. అది గాలికీ నీటికీ మధ్య వేగాల తేడాను బట్టి ఉంటుంది, అంటే ప్రవాహం అప్పటికే తీసేసి ఉంది. భూమధ్యరేఖ దగ్గర గాలి 6 మీ/సె పడమరకు వీస్తోంది, నీరు కూడా అటే 1 మీ/సె పోతోంది అనుకోండి. ఉపగ్రహం 5 చూపిస్తుంది. మీరు ఇంకో 1 తీస్తే 4. స్ట్రెస్ వేగపు వర్గంతో మారుతుంది కనుక 25 కాస్తా 16 అవుతుంది. మూడో వంతుకు పైగా పోయింది! పసిఫిక్‌లో థర్మోక్లైన్ (పైని వెచ్చని నీటికీ కింది చల్లని నీటికీ మధ్య పొర) వాలు చదునైపోతుంది.

సుడిగుండం:
సగటు ప్రవాహం వరకు ఒప్పుకుంటాను. సముద్రంలో గుండ్రంగా తిరిగే పెద్ద నీటి సుడుల సంగతేంటి? ఉపగ్రహం కింద ఉన్న సుడి, మోడల్ సుడి ఒకే చోట ఉండవు. డేటాలోని ముద్ర నిజమైన సుడిది, మోడల్ సుడికి అది వట్టి రొద. స్విచ్ ఆఫ్ చేస్తే మోడల్ సుడులకు గాలి బ్రేకు పడదు, 10 కి.మీ. గ్రిడ్‌లో వాటి గతిశక్తి మితిమీరుతుంది. ఒక డిగ్రీ గ్రిడ్ అయితే ఈ గొడవే లేదు, అక్కడ సుడులే ఉండవు.

దిక్సూచి:
అయితే ముందు కలిపి, తర్వాత తీయండి. ఆల్టిమీటర్ (సముద్ర మట్టం ఎత్తు కొలిచే ఉపగ్రహ రాడార్) నుంచి వచ్చే జియోస్ట్రోఫిక్ ప్రవాహాన్ని (మట్టం వాలు, భూభ్రమణ ప్రభావం సమతూగే ప్రవాహం), ఎక్మన్ భాగాన్ని (గాలి నేరుగా నడిపేది) ఉపగ్రహ గాలికి కలిపితే నేలను బట్టి కొలిచిన గాలి వస్తుంది. అందులోంచి మోడల్ ప్రవాహాన్ని తీయండి. భూమధ్యరేఖ మీద కొరియోలిస్ పదం (భూభ్రమణ ప్రభావం) సున్నా, ఆ లెక్క పనిచేయదు కాబట్టి అక్కడ డ్రిఫ్టర్ల (ప్రవాహంతో కొట్టుకుపోయే బోయాల) సగటు వాడాలి.

సుడిగుండం:
ఆ పద్ధతి సరే. కానీ పూర్తిగా తీస్తే బ్రేకు కాస్త ఎక్కువే పడుతుంది. నిజంలో గాలి కూడా ప్రవాహానికి కొంత లొంగుతుంది. ప్రవాహాన్ని 0.7 దరిదాపుల్లో గుణించి తీయడం మేలు.

తీరరేఖ:
నీలికెరటం గారూ, స్విచ్ కంటే ముందు మూడు చూసుకోండి. ఈ డేటా 10 మీటర్ల న్యూట్రల్ సమాన గాలి (గాలికీ నీటికీ ఉష్ణోగ్రత తేడా ప్రభావం లేదనుకుంటే అదే స్ట్రెస్ ఇచ్చే గాలి), కాబట్టి న్యూట్రల్ డ్రాగ్ గుణకమే (గాలి వేగం నుంచి స్ట్రెస్ కట్టే గుణకం) వాడండి, ఆ ఉష్ణోగ్రత తేడాకు చేసే స్థిరత్వ సవరణ మళ్లీ వేయొద్దు. స్ట్రెస్ కట్టాకే సగటు తీయండి: 4, 8 మీ/సెల సగటు 6, దాని వర్గం 36. విడివిడి వర్గాల సగటు 40. ఇక ఆస్కాట్ ఒక్కో సారి కొలిచే పట్టీలు రెండు, నడుమ ఖాళీ. అతుకుల దగ్గర లేని కర్ల్ (స్ట్రెస్‌లోని మెలితిప్పు) పుడుతుంది. కర్ల్ మ్యాప్ గీసి చూడండి. చారలు కక్ష్య వాలులోనే ఉంటే ఆ ఎక్మన్ పంపింగ్ (కర్ల్ వల్ల నీరు పైకో కిందికో కదలడం) నకిలీది.