మేము క్యాథలిక్స్ కాదు, పాపని క్యాథలిక్ క్లాసికల్ స్కూల్లో వేయొచ్చా?

నీలిమబ్బు:

అందరికీ నమస్తే. మేము డాలస్ దగ్గర ఉంటాం, పాప రెండో క్లాసు, పబ్లిక్ స్కూల్. స్కూల్ చెడ్డదేం కాదు గానీ పొద్దస్తమానం క్రోమ్‌బుక్ ముందు కూర్చోబెడుతున్నారు, చూసి చూసి విసుగొచ్చింది. ఆఫీసులో ఒకావిడ చెబితే పోయిన నెల ఒక క్యాథలిక్ క్లాసికల్ స్కూల్ చూడ్డానికి వెళ్ళాం. క్లాసుకి పదహారు మంది, స్క్రీన్లు లేవు, మూడో క్లాసు నుంచి లాటిన్, పద్యాలు కంఠతా పట్టించడం, కలిపిరాత. మేం తిరుగుతుండగానే పన్నెండింటికి గంట కొట్టారు. గ్రౌండ్‌లో ఆడుకుంటున్న పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒక బుడ్డోడు బంతి చంకలో పెట్టుకుని, ఒగరుస్తూనే అందరితో కలిసి ప్రార్థన గడగడా చెప్పేసి, అయిపోగానే మళ్ళీ పరుగు. ఎందుకో అది నా కళ్ళల్లో ఉండిపోయింది.

మేం హిందువులం. చేర్చుకుంటారట, కాకపోతే వారానికోసారి చర్చిలో జరిగే పూజకి, అదే మాస్‌కి అందరు పిల్లలూ వెళ్ళాలి. చదువు సంగతి ఎలాగోలా కనుక్కుంటాను, నా భయమంతా అక్కడి మనుషుల గురించే. అందరూ ఒకే చర్చివాళ్ళు, ఏళ్ళ తరబడి ఒకరికొకరు తెలిసినవాళ్ళు, వాళ్ళ మధ్య మేము ఎన్నేళ్ళున్నా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుందా? మా ఆయన టెన్షన్ వేరే, మాథ్స్. ఫీజు పదకొండు వేల డాలర్లు, పారిష్ (ఆ చర్చి) సభ్యులకైతే కొంచెం తక్కువ. పిల్లల్ని అలాంటి చోట చదివించినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

విచారణవాసి:

నీలిమబ్బు గారూ, మేము క్యాథలిక్కులమే, గుంటూరు వైపు. మా పెద్దపిల్లలిద్దరూ ఆరేళ్ళుగా ఇలాంటి స్కూల్లోనే. ముందు ఒక మాట, మన దగ్గరి కాన్వెంట్ లాంటిదే అనుకుని వెళ్ళకండి. అక్కడ సిస్టర్ల స్కూల్లో చాలామంది పిల్లలు హిందువులే, మాకు జ్ఞానోపదేశం (మత పాఠాల) క్లాసు జరుగుతుంటే వాళ్ళకి పక్క గదిలో మోరల్ సైన్స్. ఇక్కడ అలా విడిగా ఉండదు. చరిత్ర పాఠం, పాటల క్లాసు, సెలవలు, చివరికి కెఫెటీరియాలో పెట్టే తిండి కూడా చర్చి క్యాలెండర్ ప్రకారమే నడుస్తాయి. పన్నెండింటి గంటకి మీరు చూసింది త్రికాల జపం, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పే ప్రార్థన. నవంబర్ 1కి పిల్లలు పునీతుల వేషాలేసుకొస్తారు, డిసెంబర్ 6న సెయింట్ నికొలస్ పేరు చెప్పి బూట్లలో చాక్లెట్లు పెడతారు, జనవరి 28 సెయింట్ థామస్ అక్వినాస్ పండుగ, ఆయన విద్యార్థుల పాలక పునీతుడు కాబట్టి మావాళ్ళకి ఆ రోజు హోంవర్క్ ఉండదు. తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాసాల రోజుల్లో, శుక్రవారాలు మాంసం బంద్, అన్నీ చీజ్ పిజ్జాలే. మీరు శాకాహారులైతే మీ పాపకి అదొక్కటీ కలిసొస్తుంది.

క్లాసికల్ అంటే ఏంటో టూర్‌లో చెప్పే ఉంటారు, చిన్న క్లాసుల్లో గ్రామర్, మధ్యలో లాజిక్ (తర్కం), పైక్లాసుల్లో రెటొరిక్ (వక్తృత్వం) అని మూడు మెట్లు. జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘంవాళ్ళు 1599లోనే తమ స్కూళ్ళకి ఒక చదువుల ప్రణాళిక రాసి పెట్టుకున్నారు, దాన్నిండా లాటినూ గ్రీకూ వక్తృత్వమే. అమెరికాలో మామూలు పారిష్ స్కూళ్ళు పిల్లలు చాలక వరసగా మూతపడుతుంటే కొన్ని మళ్ళీ ఆ దారి పట్టాయి. మేరీల్యాండ్‌లో హయాట్స్‌విల్ అనే ఊళ్ళో సెయింట్ జెరోమ్ అకాడమీ మూసేసే పరిస్థితి నుంచి 2010లో క్లాసికల్‌గా మారి నిలబడింది, తర్వాత చాలామంది దాన్నే చూపిస్తుంటారు.

ఇక మనుషులు. మా చిన్నది పుట్టినప్పుడు వంట చేసి తెచ్చేవాళ్ళ లిస్టు ఒకావిడ మమ్మల్ని అడక్కుండానే పెట్టేసింది, మూడు వారాలు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఉప్పూకారం లేని క్యాసరోల్స్ అనుకోండి, పచ్చడి నంజుకుని తిన్నాం. ఇలా పొందిందంతా మనమూ చెయ్యాలి, అదే తిరకాసు. ఇంటికి ఏడాదికి ఇరవై గంటల వాలంటీరింగ్ అని కాగితం మీద ఉంటుంది, జరిగేది దానికి రెండింతలు. బస్సు లేదు, మూడింటికల్లా పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఐదారుగురు పిల్లలున్న ఇళ్ళు, ఇంటి దగ్గరుండే తల్లులు ఎక్కువ, కాబట్టి స్కూల్ టైమంతా వాళ్ళకి తగ్గట్టే ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళకి కష్టమే.

పసుపుగడప:

మాదీ మీలాగే హిందూ కుటుంబం, పాప కేజీ నుంచి ఇప్పుడు ఐదో క్లాసు వరకు అక్కడే. మాస్ గురించి మీరు అనుకుంటున్నంత లేదు. సత్ప్రసాదం, అంటే మాస్‌లో ఫాదర్ ఇచ్చే అప్పం, క్యాథలిక్కులకి మాత్రమే. మనవాళ్ళు బెంచీలో కూర్చోవచ్చు, లేదా రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని లైన్లో వెళ్తే ఫాదర్ ఆశీర్వదించి పంపిస్తారు. మా స్కూల్లో అయితే ఎవరూ బలవంతం చెయ్యలేదు, మతం మార్చుకోమని ఐదేళ్ళలో ఒక్కరూ అనలేదు.

కానీ రెండో క్లాసు గురించి మాకు ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళకి వాళ్ళకి మొదటి సత్ప్రసాదం. జనవరి నుంచి క్లాసంతా అదే ధ్యాస, ఎవరి గౌను ఎలా ఉంది, ఎవరి ఇంటికి ఎవరు వస్తున్నారు అని. మేలో ఆ ఆదివారం అందరూ పిలిచారని వెళ్ళాం. క్లాసులో ఆడపిల్లలంతా తెల్లగౌన్లు, తలమీద పూల చక్రాలు, ముందు వరసలో ఉన్నారు, మాది పట్టులంగా కట్టుకుని మాతో పాటు వెనక. అందరూ వచ్చి ఎంత బావుందో లంగా అన్నారు. కేక్ తిన్నాం, ఫోటోలు దిగాం. కారెక్కాక సీటుబెల్టు పెట్టుకుంటూ "అమ్మా, నేను ఏం తప్పు చేశానని నాకు లేదు?" అంది. ఏం చెప్పాలో తెలీక రేడియో పెట్టాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత చాలా రోజులు పట్టింది సర్దుకోవడానికి. టీచర్ మంచావిడ, పిలిచి మాట్లాడింది, కానీ అది ఆవిడ తప్పూ కాదు, ఆవిడ సరిచెయ్యగలిగిందీ కాదు. మీ పాప మూడో క్లాసులో చేరితే ఆ గండం దాటినట్టే.

చుట్టపుచూపు అన్నారు కదా, మొదటి రెండేళ్ళు అలాగే ఉంది. పుట్టినరోజులకి పిలిచేవాళ్ళు, ఆదివారం పూజ అయ్యాక డోనట్స్ దగ్గర తేలే కబుర్లు మాత్రం మాకు సోమవారం తెలిసేవి. నేను స్కూల్ లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వెయ్యడం మొదలుపెట్టాక మారింది. గురువారం మధ్యాహ్నాలు నలుగురం ఆడవాళ్ళం ఒక బల్ల చుట్టూ అట్టలేసుకుంటూ కూర్చుంటాం, నా స్నేహితులంతా ఆ బల్ల దగ్గర దొరికినవాళ్ళే. ఒకసారి పాప లాటిన్ అప్పజెబుతోంది, పుఎల్లా, పుఎల్లే, పుఎల్లే, పుఎల్లామ్ అని (అమ్మాయి అనే మాటకి విభక్తులు), మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఇదేమిటే రామః రామౌ రామాః లాగా ఉందీ అని పక్కన కూర్చుంది. అప్పట్నించి రోజూ ఇద్దరిదీ ఒకటే జమిలి పాట.

మధ్యలో మానేసినవాడు:

పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను రెండోవైపు చెప్తా. మావాడికి డిస్లెక్సియా, అక్షరాలు కూడబలుక్కుని చదవడం కష్టం. పబ్లిక్ స్కూల్లో ఐఈపీ (అలాంటి పిల్లలకి విడిగా రాసిచ్చే చదువు ప్లాన్) ఉండేది, ప్రైవేటుకి మనంతట మనం మారిస్తే ఆ హక్కు మనతో రాదు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఇచ్చేది ఏదో కొంచెం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. స్కూల్లో దానికి శిక్షణ ఉన్న టీచర్ లేడు. వారానికో పద్యం క్లాసు ముందు నిలబడి చెప్పాలి, వాడికి బుధవారం రాత్రి నుంచే కడుపునొప్పి. నాలుగుసార్లు వెళ్ళి మాట్లాడాం, అందరూ చాలా మర్యాదగా విన్నారు, వాడి కోసం ప్రార్థన చేస్తామన్నారు, ఏమీ మారలేదు. ఏడాదిన్నరకి తీసేశాం. మనుషులు మంచివాళ్ళు, నేను కాదనను, మంచితనంతో చదవడం రాదు కదా.

ఫీజు గురించి, టెక్సస్‌లో 2025లో చేసిన చట్టంతో పిల్లల చదువుకి ప్రభుత్వం ఇచ్చే సేవింగ్స్ అకౌంట్ డబ్బులు, ప్రైవేటు స్కూలుకైతే ఏడాదికి పది వేల పైన, వచ్చేస్తాయని లెక్కలేసుకోకండి. దరఖాస్తులు ఎక్కువైతే డిసేబిలిటీ ఉన్న పిల్లలకి, తక్కువ ఆదాయం వాళ్ళకి ముందు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే మీరు లైన్లో చివర. పైగా స్కూలుకి గుర్తింపు ఉండాలి, కొత్తగా పెట్టిన స్కూలైతే అది ముందు అడగండి.

గడ్డిపూలు:

నేను అలాంటి స్కూల్లోనే చదివి ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. అంకుల్‌కి మాథ్స్ టెన్షన్ కాబట్టి: స్పీడు తక్కువ, నిజం. పబ్లిక్ స్కూల్ ఫ్రెండ్స్ నాకన్నా ఏడాది ముందుండేవాళ్ళు, కాలేజీలో మొదటి సెమిస్టర్ కాలిక్యులస్ నాకు చుక్కలు చూపించింది. కానీ యూక్లిడ్ జామెట్రీ ప్రూఫులు పుస్తకం మూసి బోర్డు మీద చెయ్యమనేవారు, ఒక మెట్టు తప్పితే క్లాసంతా "ఎందుకు?" అని ఆపేది. ఆ అలవాటు ఇప్పుడు పనికొస్తోంది. ఇంకోటి, ఈ స్కూళ్ళు 2015లో మొదలైన సీఎల్‌టీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష రాయిస్తాయి, 120 మార్కులకి. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలు 2023 నుంచి తీసుకుంటున్నాయి గానీ అన్ని చోట్లా చెల్లదు, మామూలుగా అందరూ రాసే ఎస్ఏటీ కూడా రాయించాలి. నాకు స్కూల్లో నచ్చనిది చెప్పాలంటే, పన్నెండేళ్ళూ అవే ఇరవై మొహాలు. ఒకరితో మాటలు మానేస్తే దాక్కోడానికి చోటుండదు.

నీలిమబ్బు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. పసుపుగడప గారూ, మీ కారు సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. గుర్తింపు విషయం అడిగాను, ఉందట. ఓపెన్ హౌస్ కాకుండా మామూలు రోజు, మాస్ ఉన్న రోజే వచ్చి పాపతో కూర్చుంటామని మెయిల్ పెడితే వచ్చే బుధవారం రమ్మన్నారు. మాస్‌లో చేతులు ఎలా పెట్టుకోవాలో నిన్న పాపకి చూపిస్తుంటే మా అత్తగారు చూసి, గుళ్ళో శఠగోపం పెట్టించుకోవడానికి మీ కూతురు వంగదు, అక్కడైతే వంగుతుందా అన్నారు. మా ఆయన మాత్రం ఎనిమిదో క్లాసులో ఆల్జీబ్రా ఉందో లేదో కనుక్కునిరా అని చీటీ రాసిచ్చారు.